బండ మీద చెయ్యి

మా కంపెనీ కర్నూల్లో తయారుచేసేది ఒక పట్టీ. ఆపరేషన్ అయి ఇంటికి పోయిన పేషెంటు మణికట్టుకు దాన్ని కట్టుకుంటే అది నాడి చూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, చూసింది ఫోనుకు చెప్తుంది. ఫోను మాకూ, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికీ చెప్తుంది. పేషెంటు ఎట్లుందో పక్కన కూర్చున్నవాళ్ళకు తప్ప అందరికీ తెలిసే ఏర్పాటు. దాన్ని డిజైన్ చేసినవాళ్ళలో నేనొకణ్ణి. ఈమధ్య ఎవరైనా గట్టిగా అడిగితే తప్ప ఈ మాట చెప్పడం లేదు.

మా ఓనరుది బట్టల అంగళ్ళ కుటుంబం. తాతల నాటి నుంచి చీరలు విప్పి పరిచి, మళ్ళీ మడత పెట్టి బతికిన ఇల్లు. ఆయన మాత్రం చదువుకుని, వైద్యానికి సేవ చేద్దామని ఇటు వచ్చినాడు. వైద్యం ఆయనకు ఏం అపకారం చేసిందో తెలీదు. కొనేవాడు ఏ వస్తువునైనా ముందు ఒంటి మీద పెట్టుకుని అద్దంలో చూసుకుంటాడనేది ఆయన సిద్ధాంతం. కడుపు కోసి కుట్లు వేసిన మనిషి అద్దం ముందుకు పోదనేది ఆ సిద్ధాంతంలో ఒక చిన్న లోటు.

మొదటి నుంచీ నేను మొత్తుకున్నది ఒకటే. వేడి చూసే భాగాన్ని మణికట్టు మీద పెట్టొద్దు, జబ్బకు లోపలివైపు, పక్కటెముకలకు ఆనేచోట గుడ్డపట్టీతో కడదాం అని. అక్కడ బయటి గాలి తగలదు, ఒంటి వేడి ఉన్నదున్నట్టు తెలుస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు. థర్మామీటరు చంకలో పెట్టేది అందుకే.

"చంకలో పెట్టుకునేదాన్ని ఫోటో యెట్ల తీస్తామప్పా?" అన్నాడు ఓనరు.

"ఫోటో తీసేకి కాదు సార్, జ్వరం చూసేకి."

"ముందు ఫోటో. జ్వరం తర్వాత."

అచ్చు పోయించేసినాడు. వస్తువు నల్లగా, నిగనిగలాడుతూ ఖరీదైన గడియారం లెక్క వచ్చింది. టైము చెప్పదు, అంతే. పరీక్షలు మా మీదే జరిగినాయి. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని వచ్చిన మగవాళ్ళం ఏసీ గదిలో ఒకరి తర్వాత ఒకరు కట్టుకున్నాం. మేం ఆరోగ్యంగా ఉన్నామని పట్టీ ఒక్కసారి కూడా తప్పు లేకుండా కనిపెట్టింది. ఓనరు స్వీట్లు పంచినాడు.

ఫోనులో అంకెలుంటే జనం భయపడతారని ఆయనే ఒక బొమ్మ పెట్టించినాడు. అంతా బాగుంటే పచ్చగా నవ్వే ముఖం. బాగలేకుంటే ఎర్రగా ఏడ్చే ముఖం. ఆ ఏడుపు ముఖం రావాలంటే నాడీ పెరగాలి, వేడీ పెరగాలి. నాడి ఒక్కటే పెరిగితే మనిషి లేచి తిరుగుతున్నట్టు లెక్క, అప్పుడు నవ్వే ముఖం కింద 'ఉత్సాహంగా ఉన్నారు' అని వస్తుంది. సిగ్నల్ అసలే అందకపోతే అంతకుముందున్న ముఖాన్నే చూపిస్తుంది. ఖాళీగా కనపడితే కొనేవాళ్ళు అనుమానపడతారంట.

మా మేనత్తది కోసిగి దగ్గర పల్లె. చలి తగ్గుతానే ఆ ఊళ్ళో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. అందరూ గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోతారు. అత్తా మామా పెండ్లయినప్పటి నుంచి పోతానే ఉన్నారు. ఈసారి పోలేదు. ఏండ్ల తరబడి కడుపునొప్పిని కొంగు బిగించి అణిచిపెట్టిన మా అత్త, ఇంక కాక, కర్నూల్లో గర్భసంచి తీయించుకుంది. డాక్టరమ్మ ఇంటికి పంపిస్తూ ఒకే మాట గట్టిగా చెప్పింది. కుట్లు మానేవరకూ విశ్రాంతి. జ్వరం తగిలితే మాత్రం ఒక్క పూట కూడా ఇంట్లో పెట్టుకోవద్దు, లోపల చీము పట్టిందనే లెక్క, వెంటనే తీసుకురావాలి. దూరం ఊరి మనిషి కదా అని, ఆ ఆసుపత్రివాళ్ళు మా పట్టీల్లో ఒకటి ఆమెకు కట్టి పంపినారు. పట్టీ పనల్లా ఆ జ్వరాన్ని పట్టుకోవడమే.

ఇంటికి చేరినాక అత్త ఫోన్ చేసింది.

"అల్లుడూ, గాజులు పైకి తోసి నీ గడియారం కట్టినార్రా. టైము గూడా చెప్పదంట. ఇదేం గడియారం?"

"గడియారం కాదత్తా. నీకు జ్వరం వస్తే మాకు చెప్తాది."

"దానికి మీ మామ చాలు కదరా. ఊరికే కూచోనుండాడు."

వెనకాల మామ గొంతు. "ఊరికే యాడుండా? సంగటి ఎవురు గెలికినారు?"

"గెలికినాడంట. నువ్వు ఒకసారి వచ్చి తినిపో అల్లుడూ, నీకూ ఆపరేషన్ అయితాది."

మా కోసిగి వైపు ఎండాకాలానికి క్యాలెండరుతో పనిలేదు. అత్త ఇంటికి చేరిన కొద్ది రోజులకే మధ్యాహ్నాల్లో మా ఆఫీసు కంప్యూటర్లు గోల పెట్టడం మొదలైంది. 'పేషెంట్ ఒళ్ళు చల్లబడుతోంది.' బయట రోడ్డు మీద తారు కరుగుతా ఉంటే ఒళ్ళు చల్లబడడం ఏమిటని ఆసుపత్రివాళ్ళు అడిగినారు. ఓనరు నన్ను చూసినాడు. నేను కోసిగి పోయినాను.

పోయేసరికి కరెంటు లేదు. మామ బేతంచెర్ల బండల నేల మీద చెంబుతో నీళ్ళు చల్లి, చీపురుతో వార్చి, గుడ్డతో తుడిచి పెట్టినాడు. నడిమధ్యన అత్త పడుకుంది. కుట్లకు తడి తగలగూడదని నడుము కింద బొంత. చేతులూ కాళ్ళూ మాత్రం బొంత దాటి చల్లబండ మీదికి చాపింది. పట్టీ కట్టిన చెయ్యి బండకు బల్లిలా అతుక్కుని ఉంది. మా సీమలో మధ్యాహ్నం పూట ఇంటింటా జరిగే పనే ఇది. బండ ఉన్న ప్రతి ఇంట్లో ఏసీ ఉన్నట్టే. మా ఆఫీసులో ఏసీ ఉంది కాబట్టి బండ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నేనూ ఇంకో పట్టీ కట్టుకుని అత్త పక్కనే బండ మీద చెయ్యి పెట్టినాను. కాసేపటికి నా ఒళ్ళు కూడా చల్లబడిపోతున్నట్టు చూపించింది.

"ఏమంటాండాది నీ మిషను?" అన్నాడు మామ.

"పోతాండానంట."

"యాడికి పోతావులే, సంగటి తినిపో."

నవ్వుకున్నాం గానీ, బస్సులో వస్తుంటే నవ్వు దిగిపోయింది. చల్లగా ఉన్నప్పుడు చల్లగా ఉందని చెప్తే దానివల్ల వచ్చే నష్టం గోల ఒక్కటే. నిజంగా జ్వరం వస్తే? జ్వరం వచ్చిన మనిషి బండను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్ళంతా కాలుతుంటే పట్టీ ఉన్న మణికట్టు ఒక్కటే చల్లగా ఉంటుంది. వచ్చే ముందర అత్తకూ మామకూ చెప్పే వచ్చినాను, ఆ చెయ్యి బండ మీద పెట్టొద్దు, రొమ్ము మీద పెట్టుకో, ఏమైనా అనుమానమొస్తే నాకు ఫోన్ చెయ్యండి అని. "సరేలేప్పా" అన్నారు ఇద్దరూ. నిద్రలో చెయ్యి ఎవరి మాట వింటుంది?

మరునాడు ఓనరుకు మొత్తం విడమరిచి చెప్పినాను. జబ్బకు మారుద్దాం సార్ అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విన్నాక కంప్యూటర్లో అత్త వేడి గీతను చూసినాడు. మధ్యాహ్నం మధ్యాహ్నం కిందికి పడి లేస్తూ ఉంది.

"ఈ గీత శానా వంకర్లు పోతాందప్పా. సాపు చేయించు. ఆ చల్లబడే అలారం తీసేయి."

"గీత వంకర కాదు సార్, పట్టీ ఉన్నచోటు తప్పు."

"అది రెండో మోడల్లో చూద్దాం."

రెండో మోడలనేది మా ఆఫీసులో స్వర్గం లాంటిది. మంచివన్నీ అక్కడే ఉంటాయి, పోయి చూసొచ్చినవాడు లేడు. గీతను నేను సాపు చేయనంటే సాఫ్టువేరువాళ్ళతో చేయించినాడు. వేడి కిందికి పడితే లెక్కలోకి తీసుకోకుండా, ముందున్న అంకెతోనే గీత నేరుగా పోయేటట్టు. బట్టల ఇంటి మనిషి, ముడతలంటే పడదు. గీతకు ఇస్త్రీ చేసినాడు.

ఆ ఇస్త్రీ చేసిన గీతను చూపించేకే మేం కడప పోయినాం. అక్కడ ఒక ఆసుపత్రివాళ్ళు పట్టీలు కొనే ఆలోచనలో ఉన్నారు. పెద్ద తెర మీద ఓనరు ఒక పేషెంటును ప్రత్యక్షంగా చూపిస్తానన్నాడు. ఎవరా అని చూస్తే మా అత్త. పేరు లేదు, ఊరి పేరు ఉంది, నాకు అది చాలు.

"చూడండి, మారుమూల పల్లె. ఆపరేషన్ అయిన ఆడమనిషి. ఇంత దూరంలో కూర్చుని మనం ఆమె ఆరోగ్యం చూస్తున్నాం" అన్నాడు ఓనరు.

తెర మీద పచ్చముఖం నవ్వుతా ఉంది. కింద 'ఉత్సాహంగా ఉన్నారు' అని ఉంది. డాక్టర్లు తలలూపినారు. ఒకాయన "బొమ్మ బాగుంది" అన్నాడు. నేను బొమ్మను చూడలేదు. నా లాప్‌టాప్‌లో నాడి అంకె చూసినాను. మా అత్త నాకు తెలిసి ఉత్సాహంగా ఉన్నప్పుడు ఎవరినో ఒకరిని తిడుతుంటుంది గానీ నాడి ఇట్లా పరిగెత్తదు. వేడి గీత మాత్రం పంచె అంచులా నేరుగా ఉంది.

బయటికొచ్చి మామకు ఫోన్ చేసినాను.

"మామా, అత్త ఎట్లుంది?"

"బాగుండాదప్పా. నీ మిషను నవ్వుతాండాది కదా."

"మిషను సంగతి ఇడ్సిపెట్టు. ఒంటి మీద చెయ్యేసి చెప్పు."

మామ లేచి వాకిట్లోకి వచ్చిన చప్పుడైంది. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పినాడు. "నిన్నటి నుంచి పెనం లెక్క కాలిపోతాందప్పా. కూడు ముట్టలేదు. మిషను మీదుండే మీ కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తి. నార్మలే ఉండాది, భయపడొద్దు అనిరి. పొద్దున మళ్ళీ చేస్తి. మళ్ళీ అదే అనిరి."

"నాకెందుకు చేయలేదు మామా?"

"నువ్వు చేసిన మిషనప్పా. నీ మిషను తప్పు చెప్తాండాదని నీకే యెట్ల చెప్పేది? బాగుంటాదా?"

మా దిక్కు అల్లుడి ముందర అల్లుడి చేతిపనిని తప్పు పట్టరు. ఇంటికొచ్చిన అల్లుడు వంకరగా మేకు కొట్టినా, దానికే పంచాంగం తగిలించి, బాగుందప్పా అంటారు. ఎగతాళి ఎంతైనా చేస్తారు, తప్పు మాత్రం పట్టరు. ఆ మర్యాద కోసం ఆ మనిషి పెండ్లాం నుదుటి మీద పెట్టిన తన అరచేతిని నమ్మకుండా, ఒక పచ్చముఖాన్ని నమ్ముకుని కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. వచ్చిన కోపం ఎవరి మీద పెట్టాలో బాగా తెలుసు. ఆయన లోపల ఏసీలో ఉన్నాడు.

"మామా, ఇప్పుడే జీపు మాట్లాడు. ఆదోనిలో ఆగొద్దు. నేరుగా కర్నూలు డాక్టరమ్మ దగ్గరికి. నేనూ వస్తాండా."

బ్యాగు తీసుకునేకి లోపలికి పోతే ఓనరు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"యాడికప్పా? ఇంకా ప్రశ్నలుండాయి."

"మీరు తెర మీద చూపించిన ఆడమనిషి దగ్గరికి సార్. జ్వరంతో కాలిపోతాంది."

ఆయన వెనక్కి తిరిగి తెర చూసినాడు. నా మాట నమ్మాలా, బొమ్మను నమ్మాలా అని తూకం వేసినట్టుంది. "గట్టిగా మాట్లాడొద్దు" అన్నాడు.

కడప నుంచి కర్నూలు దాకా నేను గట్టిగానే మాట్లాడుకున్నాను. పక్క సీటు పెద్దాయన పాపం మైదుకూరులోనే లేచి వేరే సీటుకు పోయినాడు.

నేను పోయేసరికి అత్తను లోపలికి తీసుకుపోయి కుట్లు విప్పినారు. లోపలంతా చీము. డాక్టరమ్మ బయటికొచ్చి మామను నిలబెట్టి కడిగేసింది. "జ్వరమొస్తే ఒక్క పూట ఆగొద్దని చెప్పినానా లేదా? చదువు లేకపోతే చెవులు కూడా లేవా?"

మామ తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. నన్ను చూసినాడు. పట్టీ మాట ఎత్తలేదు, నంబరు మాట ఎత్తలేదు. "తప్పయింది తల్లీ" అన్నాడు.

నా జీవితంలో నన్ను అంత కాల్చిన మాట ఇంకోటి లేదు. తప్పంట. ఎవరిది? నేనే ముందుకు పోయి డాక్టరమ్మకు చెప్పినాను, బండ సంగతి, గీత సంగతి, ఇస్త్రీ సంగతి, నార్మల్ అన్న ఫోను సంగతి. ఆమె అంతా వినింది. మామ దగ్గరికి పోయి "కూర్చో పెద్దాయనా" అంది. పట్టీలు ఇంక ఎవరికీ కట్టొద్దని నర్సుకు చెప్పింది. మా ఓనరు కాళ్ళావేళ్ళా పడితే, సరిచేసి తీసుకొచ్చి చూపించండి, అప్పుడు ఆలోచిస్తా అందంట.

అత్త బతికింది. మానేకి ఎండాకాలమంతా పట్టింది. గుంటూరు పోయినవాళ్ళు దుడ్లు తెచ్చుకుని ఊరికి తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా గోడ పట్టుకుని నడుస్తా ఉంది.

ఆఫీసులో ఓనరు మీటింగు పెట్టి, జరిగినదానికి ఒక్క ముక్కలో కారణం చెప్పినాడు. "పేషెంటు సహకరించలేదు. బండ మీద పడుకుంటే మనమేం చేస్తామప్పా?"

నేను మధ్యాహ్నం భోజనానికని పోయి, బళ్ళారి చౌరస్తా దిక్కు రాళ్ళ అంగట్లో ఒక బేతంచెర్ల బండ ముక్క కొని, ఆటోలో తెచ్చి ఆయన బల్ల మీద పెట్టినాను. బల్ల కొంచెం మూలిగింది. చెంబుతో నీళ్ళు చల్లి తుడిచినాను.

"చెయ్యి పెట్టండి సార్."

"ఏందప్పా ఇది?"

"పరీక్ష సార్. అప్పుడు చేయనిది."

అందరూ చూస్తున్నారు కాబట్టి పట్టీ కట్టుకుని చెయ్యి పెట్టినాడు. "చల్లగా బాగుందే" అన్నాడు, నిజాయితీగానే. కాసేపయినాక ఆయన వేడి చూస్తే, పట్టీ పంపే అసలు అంకె మా తాగునీళ్ళ కుండతో పోటీ పడుతోంది. ఫోనులో గీత మాత్రం నేరుగా, ముఖం పచ్చగా.

"ఈ లెక్కన సార్, మీరు పోయినా ఇది నవ్వుతానే ఉంటాది."

ఆఫీసులో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినారు. ఓనరు చెయ్యి తుడుచుకుని, "ఏదో ఒకటి చేద్దాంలే" అన్నాడు. చేసినాడు కూడా. బండను తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టించినాడు. పట్టీతో పాటు ఇచ్చేకి రంగుల కాగితం ఒకటి అచ్చు వేయించినాడు. అందులో బండ మీద పడుకున్న మనిషి బొమ్మ, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఇదే ఆయన సరిచేయడం. ఆ కాగితం, కొత్త పట్టీ నా చేతికిచ్చి కోసిగి పొమ్మన్నాడు. కోలుకున్న మనిషి పట్టీ కట్టుకుని నవ్వుతుంటే ఒక ఫోటో తేవాలంట, డాక్టరమ్మకు చూపించేకి.

పోయినాను. ఎండలు ఇంకా దిగలేదు. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది, చిక్కి సగమైంది. ఓనరు పంపినవి ముందర పెట్టి, నాకు ఇష్టం లేకుండానే వచ్చినానని చెప్పినాను. ఆమె చదువుకోలేదు, బొమ్మ మాత్రం శ్రద్ధగా చూసింది.

"ఈడ పండుకోవద్దంటాండారా?"

"అవునత్తా."

కాగితం తిప్పి వెనకవైపు చూసింది. "మరి యాడ పండుకోమన్నారు? ఆ బొమ్మ ఏదిరా?"

"గుంటూరులో అంటారేమోలే" అన్నాడు మామ.

అప్పుడే ఓనరు ఫోన్ చేసినాడు, ఫోటో అయిందా అని. నేను స్పీకరు పెట్టి అత్త ముందరికి జరిపినాను.

"సామీ, నేను. మీ పేషెంటును. ఈడ పండుకోవద్దంటే ఈ ఎండకు యాడ పండుకునేది?"

ఓనరు గొంతు తేనెలా మారింది. "అమ్మా, అంతా మీ మంచికే. మీరు కొంచెం సహకరించాలమ్మా."

"సహకరిస్తి కదప్పా. ఒళ్ళు కాలిపోతాంటే మీవాళ్ళు నార్మల్ అనిరి. పెద్దోళ్ళు చెప్తాండారు, నార్మలే కాబోలని గమ్మున పండుకుంటి. చావు దాకా సహకరిస్తి. ఇంకెంత సహకరించాల?"

అటువైపు ఏసీ చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు. పెట్టేసినాడు.

అత్త కొత్త పట్టీని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, ఒకసారి మణికట్టుకు పెట్టుకుంది. మామ ఫోనులో పచ్చముఖం వచ్చింది. వెంటనే విప్పి, మామ అప్పుడే నీళ్ళు చల్లిన బండ మీద పెట్టింది. "నువ్వు పండుకోమ్మా, చల్లగా ఉండాది" అంది దాంతో.

పట్టీ తడి బండ మీద ఒంటరిగా పడుకుంది. దానికి నాడి లేదు, వేడి లేదు, మనిషి లేదు. ఫోనులో ముఖం నవ్వుతానే ఉంది. ఓనరు అడిగింది ఫోటో కదా. బండ, పట్టీ, పక్కన నవ్వే ఫోను, మూడూ కనపడేటట్టు ఒక ఫోటో తీసి, డాక్టరమ్మకు పంపించినాను.